పాత వస్తువు దేవుని మందిరమునకు తగునా?

ధ్యాన భాగములు: నిర్గమకాండము 38:8, యిర్మీయా 38:7–13, యోహాను 6:5–13



క్రిస్మసు సమీపించినదనగా మన గ్రామ సంఘములలో రెండు పనులు ఆరంభమగును. ఒకటి పాటల అభ్యాసము, రెండవది మందిరమును అలంకరించుట. యౌవనస్థులు వెదురు బద్దలు చీల్చి నక్షత్రము కట్టుదురు. పిల్లలు రంగు కాగితములు కత్తిరించి, ఉడికించిన మైదా జిగురుతో గొలుసులు అంటింతురు. స్త్రీలు గోడలకు సున్నము వేసి, వాకిలి అలికి, బంతిపూలు గ్రుచ్చుదురు. సముద్ర తీరపు గ్రామములలో సరుగుడు కొమ్మ తెచ్చి క్రిస్మసు చెట్టుగా నిలుపుదురు. కోతపండుగ వచ్చినప్పుడు చెరకు గడలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, వరికంకుల కుచ్చులు అవే అలంకారములగును; ఆరాధన ముగిసిన పిమ్మట వాటినే వేలము వేయగా వచ్చిన సొమ్ము సంఘపు పనికి ఉపయోగపడును.

ఇవి చిన్న పనులుగా కనబడును. అయితే ఈ చిన్న పనులయొద్దనే అనేక సంఘములలో పెద్ద తగవు పుట్టుచున్నది. కమిటీ కూర్చున్నప్పుడు ఒకరు లేచి, "ఈ ఏడు పట్టణమునుండి అన్నియు క్రొత్తవి కొని తెత్తము. దేవునికి పాతవి పెట్టుట అవమానము గదా" అందురు. మరియొకరు, "అసలు ఈ అలంకారమే దండుగ. ఆ రూకలు బీదలకు ఇచ్చిన మేలు" అందురు. ఇంకొక వృద్ధురాలు మెల్లగా, "మా ఇంట పాత పట్టుచీర యున్నది, దాని అంచు కోసి బల్లకు గుడ్డ కుట్టెదను" అనును. ఆమె మాట ఎవరును వినిపించుకొనరు. చివరకు ఎవరి గొంతు పెద్దదో వారి మాటయే నెగ్గును. తక్కినవారు మనస్సు నొచ్చుకొని పండుగకు వత్తురు.

ఈ ముగ్గురి మాటలలోను కొంత సత్యమున్నది. గనుక ఎవరినీ తోసివేయక, వాక్యపు వెలుగులో ఒక్కొక్క మాటను పరీక్షించుదము.

1. అలంకారము దండుగయా?

బేతనియలో మరియ మిక్కిలి విలువగల అత్తరు తెచ్చి ప్రభువు పాదములకు పూసినప్పుడు, దాని నమ్మి బీదలకు ఇయ్యవచ్చును గదా అని అడిగినవాడు ఇస్కరియోతు యూదా. దాని వెల మూడువందల దేనారములని అతడే లెక్క కట్టెను. ఒక దేనారము ఆ కాలమున ఒక దినపు కూలి గనుక, అది ఒక కూలివాని ఇంచుమించు ఏడాది సంపాదన. ఇంత పెద్ద వ్యయమును చూచియు ప్రభువు ఆమెను గద్దింపలేదు. ఆమెను విడిచిపెట్టుమనియే సెలవిచ్చెను. ప్రేమకు కూలి లెక్క ఒక్కటియే కొలత కాదని దీనివలన తెలియుచున్నది.

అయితే ఈ సంగతిని ఎత్తి, బీదలనుగూర్చి అడిగిన ప్రతివానిని యూదా అని పిలుచుట న్యాయము కాదు. యూదా బీదలయందు శ్రద్ధ కలిగి ఆ మాట చెప్పలేదని యోహానే వ్రాసెను. నిజముగా శ్రద్ధ కలిగి అడుగువాడు వేరు. సంఘములో ఒక విధవరాలి ఇంటి కప్పు కారుచుండగా మందిరపు ముఖద్వారమునకు వేలకొలది రూపాయల దీపమాలలు ఎందుకు అని ఒకడు అడిగినయెడల, అది యూదా ప్రశ్న కాదు. అది ప్రవక్తల ప్రశ్న.

మెదకులోని గొప్ప దేవాలయము 1914లో ఆరంభింపబడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. ప్రభువు జననమును, సిలువను, ఆరోహణమును చూపు రంగుటద్దముల కిటికీలు ఇప్పటికిని అక్కడ చూడవచ్చును. దాని కట్టడమునకు నాయకుడైన రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు కరవు దినములలో ఆకలిగొన్న ప్రజలకు ఆ నిర్మాణములోనే పని కల్పించి అన్నము పెట్టించిరి. అక్కడ సౌందర్యమును, కూడును ఒకదానితో ఒకటి పోరాడలేదు. ఒకే పనిలో రెండును కలిసెను. అలంకారము బీదవాని నోటికడ్డముగా నిలుచునప్పుడే అది దండుగ. వాని చేతికి పని, మనస్సునకు సంతోషము ఇచ్చునప్పుడు కాదు.

ఇంకొక మాట. ప్రత్యక్షపు గుడారమునకు ప్రజలు కానుకలు తెచ్చుచుండగా, పనికి చాలినంతకంటె ఎక్కువ వచ్చెననియు, ఇక తేవద్దని మోషే చాటింపు వేయించెననియు నిర్గమకాండము 36వ అధ్యాయములో చదువుచున్నాము. దేవుని పనికే "ఇక చాలును" అని చెప్పిన నాయకుడు మోషే. మన పండుగ కమిటీలలో ఈ మాట పలుకు నోరు ఒకటి ఉండవలెను.

2. పాతది ఇచ్చుట అవమానమా?

ఇది కష్టమైన ప్రశ్న. మలాకీ ప్రవక్త తన కాలపు జనులను గట్టిగా గద్దించెను. వారు గ్రుడ్డిదానిని, కుంటిదానిని, రోగముగల దానిని బలిపీఠమునకు తెచ్చిరి. అట్టిదానిని మీ అధికారికి ఇచ్చి చూడుడి, అతడు సంతోషించునా అని దేవుడు వారిని అడిగెను. దావీదు అరౌనా కళ్లమును ఉచితముగా పుచ్చుకొనక, ఏబది తులముల వెండి ఇచ్చి కొనెను. తనకు వెల లేనిదానిని దేవునికి అర్పింపనని అతని తీర్మానము. కాబట్టి "పనికిరానిది గనుక గుడికి ఇత్తము" అను తలంపు వాక్యమునకు విరోధమైనది. ఇది నిస్సందేహము.

అయినను అదే వాక్యములో వేరొక వరుసయు కలదు. గుడారపు ఇత్తడి గంగాళము దేనితో చేయబడెను? గుడారపు ద్వారమునొద్ద సేవించిన స్త్రీల అద్దములతో. ఆ కాలపు అద్దములు గాజువి కావు, మెరుగుపెట్టిన లోహపు పలకలు. వాటిని ఇచ్చిన స్త్రీలు అంతవరకు వాటిలో తమ ముఖము చూచుకొనుచుండిరి. అవి వాడిన వస్తువులే, అనగా పాతవే. బెసలేలు వాటిని కరగించి, యాజకులు చేతులు కాళ్లు కడుగుకొను గంగాళము చేసెను. దేవుడు వాటిని త్రోసివేయలేదు.

యిర్మీయా గోతిలో బురదలో దిగబడియున్నప్పుడు, కూషీయుడైన ఎబెద్మెలెకు ముప్పదిమందితో వెళ్లి అతని పైకి తీసెను. వెళ్లుటకు ముందు అతడు రాజనగరు ఖజానా క్రింది గదిలోనుండి చింకిపాతలు, చిరిగిన పాత గుడ్డలు ఏరి తెచ్చెను. ఎందుకు? త్రాళ్లు ప్రవక్త చంకలను కోయకుండుటకు. ఆ గుడ్డలకు అంగడిలో వెల లేదు. కాని ఒకని నొప్పిని ముందుగా తలపోసిన మనస్సు వాటితో కూడ గోతిలోనికి దిగెను. అందుచేతనే ఆ చింకిపాతల ముచ్చట గ్రంథములో వ్రాయబడి నేటివరకు నిలిచియున్నది.

ఈ రెండింటిని మలాకీ గద్దింపుతో కలిపి చూడగా ఒక సూత్రము తేటపడును. దేవుడు వస్తువు వయస్సు అడుగడు. అది మన చేయి దాటునప్పుడు మననుండి ఏమి తీసికొనిపోయినదని అడుగును. స్త్రీల అద్దములు వారి ముచ్చటను తీసికొనిపోయెను. ఎబెద్మెలెకు గుడ్డలు అతని ఆలోచనను, ధైర్యమును తీసికొనిపోయెను. కుంటి గొఱ్ఱె తన యజమానునినుండి ఏమియు తీసికొనిపోలేదు, పైగా అతని దొడ్డిని శుభ్రపరచెను. అదే భేదము.

మన తెలుగు ఇండ్లలో బొంత కుట్టుట అందరు ఎరిగిన పని. అమ్మ కట్టి చివికిన చీరలు, నాయన పాత పంచెలు పొరలు పొరలుగా పరచి, అంచుకు అంచు చేర్చి, వేలికి సూది గ్రుచ్చుకొనుచు దినములకొలది కుట్టగా బొంత యగును. చలికాలమున ముగ్గురు పిల్లలు దాని క్రింద నిద్రింతురు. పాత చీరయే పసిబిడ్డకు ఉయ్యాల యగును. ఆ బొంతను చూచి "పాత గుడ్డ" అని ఎవరందురు? దానిలో చేరిన ప్రయాసము దానిని క్రొత్తది చేసెను. పట్టుచీర అంచుతో బల్లగుడ్డ కుట్టెదనన్న ఆ వృద్ధురాలి కానుకయు ఇట్టిదే. ఒకవేళ అది ఆమె పెండ్లిచీరయే అయినయెడల, కమిటీ కొన్న క్రొత్త గుడ్డకంటె దానికి వెల ఎక్కువ.

బట్టల దానమునకును ఇదే కొలత. ఉతికి, ఊడిన గుండీ కుట్టి, మడతపెట్టి ఇచ్చుట ఒకటి. పెట్టె ఖాళీచేయుటకు మూటకట్టి విసరుట మరియొకటి.

3. "మాకు ఎప్పుడును పాతదేనా?"

ఇక్కడ మరియొక స్వరము వినవలెను. మన సంఘములలో అనేకుల తాతలు, తండ్రులు ఇతరుల పొలములలో జీతమునకు ఉండి, యజమానులు కట్టి విడిచిన బట్టలు కట్టి, మిగిలిన అన్నము తిని బ్రదికిరి. అట్టి కుటుంబములో పుట్టిన యౌవనుడు, "మా వారికి బ్రదుకంతయు పాతదే దొరికెను. దేవుని ఇంటిలోనైనను క్రొత్తది చూడనిండు" అన్నయెడల, అతడు ఆడంబరము కోరుచున్నాడని త్వరపడి తీర్పు తీర్చవద్దు. అతడు గౌరవము కోరుచున్నాడు. అది న్యాయమైన కోరిక.

మిగిలినదానిని పైనుండి విసరగా క్రిందనున్నవాడు ఏరుకొనుట అవమానము. తన యొద్దనున్న దానిని తానే ఎన్నుకొని, తన చేతితో మార్చి, తలయెత్తి అర్పించుట ఘనత. వస్తువు ఒక్కటే అయినను ఈ రెండును ఒకటి కావు. ఐదువేలమంది తృప్తిగా తిన్న తరువాత మిగిలిన ముక్కలను పోగుచేయుమని ప్రభువు శిష్యులకు ఆజ్ఞాపించెను; పండ్రెండు గంపలు నిండెను. ఆ మాటకు ముందు ఏమి జరిగెనో గమనింపుడి. జనులందరు మొదట కూర్చుండబెట్టబడిరి, వారికి కావలసినంత వడ్డింపబడెను. ప్రజలను ముక్కలతో సరిపెట్టుకొనుమని ఆయన చెప్పలేదు. మొదట అందరిని తృప్తిపరచి, పిమ్మట ఏదియు పాడుకాకుండ చూచెను.

కాబట్టి పొదుపునుగూర్చి బోధించువారు ఒక హెచ్చరిక గ్రహింపవలెను. హగ్గయి కాలములో జనులు తాము సరంబీ వేసిన ఇండ్లలో కాపురముండి, మందిరమును పాడుగా విడిచిరి. క్రొత్త మేడ కట్టుకొని, పెండ్లికి పందిరి మీద లక్షలు వెచ్చించినవాడు మందిరమునొద్ద మాత్రము "పాతవి చాలును" అన్నయెడల, అది నిరాడంబరత కాదు, హగ్గయి కాలపు పాపమే. పాతదానిని వాడుడని చెప్పదలచినవాడు మొదట తన ఇంట వాడి చూపవలెను.

4. పాత వస్తువునకు పాత పాపము అంటుకొని యుండునా?

కొందరికి ఇంకొక సందేహము కలదు. పాత సామానుల దుకాణములో దొరికిన దీపపు సెమ్మె, గంట, చెక్కిన బల్ల మొదలగువాటిని తెచ్చి మందిరములో వాడవచ్చునా? అవి ఎక్కడనుండి వచ్చెనో, ఎవరు వాడిరో మనకు తెలియదు గదా?

గ్రంథములో దీనికి మూడు దృష్టాంతములు కలవు. కోరహు తిరుగుబాటులో పాలుగొన్నవారి ధూపార్తులను ఏమి చేయవలెనని వచ్చినప్పుడు, వాటిని పారవేయుమని దేవుడు చెప్పలేదు. రేకులుగా కొట్టి బలిపీఠమునకు కప్పుగా చేయించెను. అది జనులకు జ్ఞాపకార్థముగా నుండెను. చెడ్డ చేతులలోనుండి వచ్చిన ఇత్తడికూడ మంచి పాఠము చెప్పగలదు. రెండవది, అహరోను జనుల చెవిపోగులు కూడబెట్టి పోతపోసిన దూడ. అదియు పాత వస్తువులతో చేసిన చేతిపనియే. ప్రయాసమున్నది, నేర్పున్నది, కానుకయు ఉన్నది. కాని అది ఎవరి కొరకు చేయబడెను? చేతిపని అయినంత మాత్రమున ఏదియు పరిశుద్ధము కాదని ఇందువలన నేర్చుకొందుము. మూడవది, మోషే చేసిన ఇత్తడి సర్పము. ఒకప్పుడు దానిని చూచి జనులు బ్రదికిరి. శతాబ్దములు గడచిన పిమ్మట దానికే ధూపము వేయుచుండగా, హిజ్కియా దానిని తునకలు చేయించెను.

కావున పాత వస్తువును తెచ్చునప్పుడు అడుగవలసిన ప్రశ్నలు రెండే. ఇది న్యాయముగా సంపాదింపబడినదా? దొంగసొత్తు అయినయెడల ఎంత అందమైనను తేరాదు. ఇది ఇప్పుడు మనలను ఎవరివైపు త్రిప్పుచున్నది? ఈ రెండవ ప్రశ్న క్రొత్త వస్తువులకే కాదు, మన మందిరములోని పాత వస్తువులకును వర్తించును. తాతగారు ఇచ్చిన బల్లను జరుపరాదని రెండు కుటుంబములు మాటలాడుట మానిన సంఘములు ఉండవచ్చును. అట్టి బల్లకు జనులు ధూపము వేయకపోయినను, అది నెహుష్టానుతో సమానమే.

5. ఆ వస్తువును చేసిన చేతులు

అపొస్తలుల కార్యముల 9వ అధ్యాయము చివర రెండు సంగతులు ప్రక్కప్రక్కనే యున్నవి. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను పేతురునకు చూపుచు ఏడ్చిరి. ఆమె బోధించిన ప్రసంగములేవియు మనకు తెలియవు. ఆమె సూదిపని మాత్రము సాక్ష్యమిచ్చెను. ఆ అధ్యాయపు చివరి వచనములో పేతురు సీమోను అను చర్మకారుని యింట బహుదినములు నివసించెనని యున్నది.

చచ్చిన పశువుల తోలు ముట్టువానిని యూదులు చిన్నచూపు చూచిరి. మన దేశములోను అట్లే జరిగెను. ఊరి జనులు విడిచిపెట్టిన పశువు కళేబరమును ఊనిన తోలుగా మార్చి, దానితో చెప్పులు, డప్పులు, మోటబావులకు తోలు బొక్కెనలు చేసినవారు మాదిగలు. ముతక గుడ్డ నేసి ఊరివారికి కట్టుబట్ట ఇచ్చినవారిలో మాలలు అనేకులు. మన సంఘములలో ఎందరికో వీరే పితరులు. పాడైపోవు దానిని పనికివచ్చు దానిగా మార్చు నేర్పును నేడు పట్టణములలో గొప్ప కళయని మెచ్చుకొనుచున్నారు. ఆ నేర్పునే తరతరములుగా చేసిన చేతులను మాత్రము ఊరి వెలుపల ఉంచిరి. పేతురు ఆ ఇంట కాపురముండెను. అక్కడి మిద్దెమీదనే, దేవుడు పవిత్రపరచినవాటిని నిషిద్ధములని ఎంచరాదను దర్శనము అతనికి కలిగెను. అలంకారమును మెచ్చి, చేసినవానిని దూరముంచు పండుగ క్రీస్తు పండుగ కాదు.

చేతిపనికి న్యాయమైన కూలి ఇచ్చుట కూడ ఇందులో భాగమే. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురము ప్రాంతమున 19వ శతాబ్దమున మిషనరీలు నేర్పిన క్రోషా లేసు అల్లిక దేశదేశములకు ఎగుమతి యగుచు వచ్చినది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. అయితే జర్మనీ దేశస్థురాలైన మరియా మీస్ అను పండితురాలు ఆ స్త్రీలను దర్శించి 1982లో ప్రకటించిన గ్రంథములో, ఇంటియొద్ద రేయింబవళ్లు అల్లిన పనిని "తీరిక వేళల పని" అని లెక్కించి వారికి మిక్కిలి తక్కువ కూలి ఇచ్చుచుండిరని చూపెను. "ఇంటిలో కూర్చుండి చేయు పనికి ఇంత కూలి ఎందుకు?" అని మనమును అడుగుచుందుము. పనివారికి బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో హెచ్చరించెను. మందిరమునకు లేసు కుట్టించినను, బుట్ట అల్లించినను, ఇష్టపూర్వకముగా ఇచ్చిన సేవ తప్ప, తక్కినదంతయు కూలితో తెచ్చుకొనవలెను.

6. ఆచరణకు కొన్ని మాటలు

మొదటిది, పిల్లలకు పని అప్పగింపుడి. 1830 ప్రాంతపు దశాబ్దములో జర్మనీలోని నీస్కీ పట్టణమున మొరేవియను సంఘపు బాలుర పాఠశాలలో రేఖాగణితము నేర్పుటకు కాగితముతో అనేక కోణముల నక్షత్రము చేయించిరి. అదియే తరువాత హెర్న్‌హూట్ నక్షత్రమని ప్రసిద్ధి చెంది దేశదేశములలో క్రిస్మసునాడు వెలుగుచున్నది. ఒక బడిలోని కాగితపు పని అది. మన ఆదివారపు బడి పిల్లలు పాత క్యాలెండరు కాగితములతో, పెండ్లి శుభలేఖలతో చేసిన నక్షత్రము వంకరగా వచ్చినను మందిరపు ముందే వ్రేలాడనిండు. తలుపు వెనుక దాచవద్దు. ఆ బిడ్డ దానిని చూచుకొని, ఈ ఇల్లు నాది అనుకొనును.

రెండవది, విషమును తేవద్దు. 2022 జూలై 1 నుండి మన దేశములో అలంకారపు థెర్మోకోలు, ప్లాస్టిక్ జెండాలు, బుడగల ప్లాస్టిక్ పుల్లలు, పలుచని పి.వి.సి. బ్యానర్లు నిషేధింపబడెను. పండుగ మరునాడు వీటిని ప్రోగుచేసి మందిరపు వెనుక కాల్చుచున్నారు. ఆ పొగ పిల్లల ఊపిరికి హాని. బ్యానరు లేకున్నను బాలయేసు పుట్టును.

మూడవది, పాతదంతయు వాడదగినది కాదు. పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినను నీళ్లకు, ధాన్యమునకు, పిల్లల ఆటకు, పూలకుండీలకు పెట్టరాదు. వాటికి రంధ్రములు చేసి తిరిగి వాడకుండ వేరుపరచవలెను. చీలిన పాత కరెంటు తీగలతో దీపములు కట్టరాదు. కాగితపు నక్షత్రములో క్రొవ్వొత్తి పెట్టుటకంటె చిన్న ఎల్‌ఇడి దీపము పెట్టుట క్షేమము. పొదుపు పేరిట ప్రాణమును పణము పెట్టుట భక్తి కాదు.

నాలుగవది, అప్పు చేసి అలంకరింపవద్దు. ఇంటింటికి ఇంత అని బలవంతముగా పన్ను వేయవద్దు. ఇయ్యలేనివాడు సిగ్గుతో పండుగకు రాకపోయినయెడల మన దీపములన్నియు ఎవరికొరకు?

అయిదవది, పండుగ అయినపిమ్మట దాచుడి. వెదురు చట్రమును ఎలుకలు కొట్టకుండ అటకమీద పెట్టి, మరుసటి ఏట కాగితము మాత్రము మార్చవచ్చును. మిగిలిన సొమ్ముతో ఆ విధవరాలి కప్పు వేయించుడి.

ముగింపు

బేత్లెహేములో ఆ రాత్రి మరియ తన కుమారుని పరుండబెట్టుటకు క్రొత్త ఊయల లేకపోయెను. ఉన్నది పశువుల తొట్టి. అంతకుముందు దినము దానిలో గడ్డి వేసిరి. పశువులు నాకి నాకి దాని అంచు అరిగియుండును. ఆమె పొత్తిగుడ్డలతో శిశువును చుట్టి దానిలో పరుండబెట్టెను. గొఱ్ఱెల కాపరులకు దేవదూత ఇచ్చిన ఆనవాలు ఆ తొట్టియే. ఊరిలో క్రొత్త ఉయ్యాలలు ఎన్ని యున్నను వారు వాటియొద్దకు పోలేదు.

ఆ తొట్టి అందమైనదగుటచేత కాదు, పాతదగుటచేతను కాదు, దానిలో ఆయనను పరుండనిచ్చుటచేతనే అది ఘనమైనది. మన వెదురు నక్షత్రమునకు, పట్టుచీర అంచునకు, పట్టణమునుండి కొన్న దీపమాలకు కూడ ఘనత వేరొక విధముగా రాదు. వృద్ధురాలి మాటయు, యౌవనుని మాటయు, బీదలను తలంచిన వాని మాటయు ఈ ఏటి కమిటీలో సమానముగా వినబడునుగాక. అప్పుడు మన మందిరము ఏ అలంకారముతోనున్నను ప్రభువునకు తగియుండును. ఆమేన్.

కుటుంబ ప్రార్థనలో తలపోయుటకు:

మన ఇంటిలో వాడని వస్తువులలో, ప్రయాసపడి మార్చినయెడల ఒకరికి మేలు చేయగలది ఏది?

మనము ఇతరులకిచ్చిన పాత వస్తువులలో, మనకు ఇచ్చినయెడల మనమే పుచ్చుకొననిది ఏదైన యున్నదా?

మన మందిరములో పనిచేసిన చేతులలో, మనము ఇంతవరకు పేరు పెట్టి కృతజ్ఞత చెప్పనివి ఎవరివి?